హిరిహిరి అంటే

కికుచిగారు మళ్ళీ ఫోన్ చేశారు.

ప్రవళిక హెడ్‌ఫోన్స్‌ని రెండు చేతులతో చెవులకు అదిమిపెట్టుకుని రికార్డింగ్‌ని మొదటికి జరిపింది. ఉత్తర జపాన్‌లో, కిటికీల దాకా మంచు పేరుకునే ఏదో ఊళ్ళో ఒంటరిగా ఉండే ముసలావిడ. ముందు దగ్గింది. తర్వాత, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించమంది. ప్రతిసారీ అలాగే మొదలుపెడుతుంది. తాను డబ్బు పోసి కొన్న వస్తువు మీద ఫిర్యాదు చెయ్యడానికి కూడా ముందు క్షమాపణ చెప్పుకునే మనిషి.

ఆ వస్తువు నడుముకి కట్టుకునే వేడి పట్టీ. బ్యాటరీతో నడుస్తుంది. తయారుచేసేది ఒక విదేశీ కంపెనీ. జపాన్‌లో కొన్నవాళ్ళు అక్కడి ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పుకునే బాధలన్నీ రికార్డయి హైటెక్ సిటీలో ఈ అద్దాల బిల్డింగు ఆరో అంతస్తుకి వస్తాయి. వాటిని విని, ఇంగ్లీషులోకి మార్చి, దేనికి ఏ కోడు పడాలో వేసి పంపడం ప్రవళిక టీము పని. ఆ కోడుని బట్టే కొన్నవాళ్ళకి జవాబు ఉత్తరం వెళుతుంది. 'కాలిన గాయం' అని కోడు పడితే పట్టీ వెంటనే తీసెయ్యమని, చర్మం డాక్టరుకి చూపించుకోమని ఉత్తరం. 'అసౌకర్యం' అని పడితే, కొంచెం వేడి తెలియడం మామూలే, నిశ్చింతగా వాడుకోండి అని ఉత్తరం.

చలి మొదలైనప్పుడు కికుచిగారు మొదటిసారి ఫోన్ చేసింది ఫిర్యాదుకి కాదు, బ్యాటరీ ఎలా మార్చాలో అడగడానికి. అప్పుడు నడుము 'పొకపొక' అంటోందని సంబరంగా చెప్పింది. పొకపొక అంటే వెచ్చవెచ్చగా ఉండటం. చలికాలం పొద్దున్న అరుగు మీద ఎండకి కూర్చుంటే వీపుకి తెలుస్తుందే, అది. మంచి మాట విన్నప్పుడు గుండెకీ అదే మాట వాడతారు వాళ్ళు. రెండోసారి ఫోన్ చేసినప్పుడు అది 'హిరిహిరి' అయింది. ఎడమవైపు, నడుము కింద, హిరిహిరి. ఎండకి కాలిన చర్మానికి చొక్కా రాసుకుంటే, గీరుకుపోయిన మోకాలి మీద నీళ్ళు పడితే, పచ్చిమిరపకాయలు కోసిన చేత్తో కన్ను నులుముకుంటే పుట్టే మంట. చురచుర. తెలుగులో ఆ మాట రెడీగా ఉంది. జపనీస్ నుంచి తెలుగులోకి ఈ మాటలు గుమ్మం దాటి పక్కింటికి వెళ్ళినంత తేలిగ్గా వస్తాయి. మధ్యలో ఇంగ్లీషు కాపలా ఉంది, అదే వచ్చిన చిక్కు. అయినా ప్రవళిక ఆ రోజు కష్టపడి 'చర్మం కాలినట్టు మంట' అని ఇంగ్లీషులో రాసి, కాలిన గాయం కోడు వేసి పంపింది.

ఇప్పుడు మూడో కాల్.

"మీ ఉత్తరం అందింది. కొంచెం వేడి మామూలేనని రాశారు కదా, అందుకని తియ్యకుండా ఉంచుకున్నాను. నాకే ఓర్పు తక్కువనుకుంటాను," అంటోంది ఆ గొంతు. "ఇప్పుడు జికుజికు అంటోంది. పొద్దున లోపలి బట్ట అంటుకుపోయింది."

ప్రవళిక రికార్డింగ్ ఆపేసింది. మామూలేనని ఉత్తరమా? ఎవరు పంపారు?

పాత కేసు తెరిచింది. తను రాసిన వాక్యం అక్కడ లేదు. దాని చోట 'స్వల్ప అసౌకర్యం' అని ఉంది. కోడు కూడా అదే. కింద మాత్రం అనువాదం చేసింది ప్రవళిక అని తన పేరు నిక్షేపంలా ఉంది. తను రాయని మాట కింద తన పేరు. ఆ మాట పట్టుకుని ఒక ముసలావిడ రెండు వారాలుగా కాలిన చర్మం మీద వేడి పట్టీ కట్టుకుని కూర్చుంది, ఓర్పు లేనిదాన్నని తనని తానే తిట్టుకుంటూ. అరికాలి మంట నెత్తికెక్కింది ప్రవళికకి.

తెరమీద మూడో కాల్‌కి యంత్రం ముందే తయారుచేసిన ఇంగ్లీషు చిత్తు ప్రతి సిద్ధంగా ఉంది. కిందటేడాది నుంచి పద్ధతి మారింది. యంత్రం రాసి పెడుతుంది, మనుషులు దాన్ని సవరించాలి. సవరించమన్నారు కదా అని ఎక్కువ మార్చకూడదు. మార్పుల శాతం పక్కనే కనిపిస్తుంటుంది. గీత దాటితే ఎరుపు. నెలాఖరుకి ఎవరి ఎరుపులు ఎన్నో చూసి రేటింగ్ ఇస్తారు. యంత్రం జికుజికుకి 'కొంచెం తేమగా ఉంది' అని రాసింది. చెమట పట్టిందన్నట్టు. జికుజికు అంటే పుండు ఆరకుండా రసి కారుతూ ఉండటం. నీరు ఇంకని బురద నేలని కూడా ఆ మాటతో చెప్తారు. తేమట, తేమ.

ఆమె ఆ వాక్యాన్ని మొత్తం కొట్టేసి, కాలిన చోట పుండు పడి రసి కారుతోందని, బట్ట అంటుకుపోతోందని రాసింది. కోడు మార్చింది. పక్కన అంకె ఎర్రబడింది. పడనీ అనుకుని పంపేసింది.

గంట తిరక్కుండా కేసు వెనక్కి వచ్చింది. దాని వెంటే రవీందర్ కూడా వచ్చాడు, చేతిలో రెండు పేపరు కప్పులతో.

టీమ్ లీడ్ రవీందర్‌ది శంకర్‌పల్లి పక్కన ఊరు. ప్రవళికవాళ్ళ చందానగర్‌కి ఎంతో దూరం కాదని, మనం మనం ఒకటేనని, చేరిన మొదటిరోజే చెల్లె అన్నాడు. సెలవు అడిగితే చెల్లె, ఆదివారం రమ్మనాలంటే చెల్లె, రేటింగ్ తగ్గించినప్పుడు మరీ ముద్దుగా చెల్లె. అతనికి జపనీస్‌లో ఒక్క ముక్క రాదు. రావలసిన అవసరమూ లేదు. పని చేసేవాళ్ళ దగ్గర పని చేయించడం అతని పని.

ఒక కప్పు ఆమె ముందు పెట్టి, కుర్చీ వీపు మీద మోచెయ్యి ఆనించాడు.

"ఏంది చెల్లె గిది? మొత్తం ఎర్రగ చేసినవ్."

"తప్పు రాసుంది అన్నా. తేమ కాదు, పుండు. ఆమెకు కాలింది. పోయినసారి కూడ నేను గదే రాసిన, ఎవరు మార్చిండ్రు?"

"రివ్యూల మారింది."

"ఎవరు?"

అతను టీ ఊదుకున్నాడు. ఎవరైతే ఏందని, టీమంటే అందరం అని, నెమ్మదిగా, ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. కాంట్రాక్టు మార్చిలో మళ్ళీ రాసుకోవాలట. ఈ చలికాలం కాలిన గాయాల లెక్క ఎక్కువైందని పైవాళ్ళు పరేషాన్‌లో ఉన్నారట. ఒక్కో గాయానికి అక్కడ వాళ్ళు ప్రభుత్వానికి జవాబు చెప్పుకోవాలట. అది వాళ్ళకి తలనొప్పి, వాళ్ళ తలనొప్పి మన పొట్ట మీదికొస్తుందట. ఆవిడ తన నోటితో కాలింది అన్నదా? అనలేదు కదా. హిరిహిరి, జికుజికు. పిల్లల మాటల్లాంటివి పట్టుకుని పెద్ద పెద్ద కోడ్లు వేస్తే ఎట్లా?

"పిల్లల మాటలు కావు," అంది ప్రవళిక. "జపాన్‌ల డాక్టర్లే ఈ మాటలతోని అడుగుతరు. హిరిహిరి ఉందా, జుకిజుకి అని సలుపుతుందా అని. దాన్ని బట్టే మందు ఇస్తరు."

"మనం డాక్టర్లమా మరి?"

అని నవ్వి, ఆమె భుజం మీదుగా వంగి, మౌస్ తన చేతిలోకి తీసుకుని, యంత్రం రాసిన వాక్యాన్ని మళ్ళీ దాని చోట పెట్టాడు. ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. సాయంత్రంలోగా పంపేయ్ చెల్లె, జర చల్లగుండు అని టీ కప్పు చూపించి వెళ్ళిపోయాడు. ప్రవళిక ఆ టీ ముట్టుకోలేదు. మీగడ కట్టి, రంగు మారి, ఊడ్చేవాళ్ళు వచ్చి తీసేదాకా అలాగే ఉంది.

జపాన్ టీము చీకటితోనే వస్తుంది కాబట్టి మిగతా బిల్డింగు నిద్ర లేచేసరికి వీళ్ళకి మధ్యాహ్నమైనట్టే. పది దాటాక ప్రవళిక చలపతిరావు గారిని వెతుక్కుంటూ కిందికి వెళ్ళింది. గేటు బయట రోడ్డుపక్క బండి దగ్గర నిలబడి ఇడ్లీ తింటున్నాడు. ఆఫీసు క్యాంటీన్‌లో ఇడ్లీ రాయిలా ఉంటుందని ఆయన పట్టు. కూకట్‌పల్లిలో కాపురం. ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఇంజనీరుగా రిటైరై, కుర్రతనంలో ట్రైనింగుకి వెళ్ళి నేర్చుకున్న జపనీస్‌ని పట్టుకుని ఇక్కడ రెండో రివ్యూ చేస్తున్నాడు. ప్రవళిక రాసినవి ఆయన సరే అంటేనే దాటుతాయి. టీములో ఆ మాటలు ఒంటితో తెలిసినవాడు ఆయనొక్కడే. ఆ దేశపు చలిలో కాళ్ళవేళ్ళు వాచి, డాక్టరు దగ్గర అడిగించుకుని వచ్చినవాడు.

"కికుచిగారి కేసులో నా కోడు మీరే మార్చారా సార్?"

ఆయన ఇడ్లీ ముక్కని చట్నీలో ముంచి అలాగే ఆపాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు, అదీ ఆయనతో వచ్చిన బాధ.

"మార్చమన్నారమ్మా. మార్చాను."

"హిరిహిరి అంటే మీకు తెలియదా?"

"తెలియకపోవడమేంటమ్మాయ్, అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తాను," అని, చేతిలో ఆకు బుట్టలో పడేసి, నీళ్ళతో చెయ్యి కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. ఈ జీతంతో కట్టే మనవరాలి ఫీజు సంగతి ఎత్తబోయి, ఎందుకో ఎత్తలేదు. మనం రాసేది రాస్తాం, పైవాళ్ళు చేసుకునేది చేసుకుంటారు, మనకెందుకమ్మా అన్నట్టు ఏదో సణిగాడు. గురువారం జపాన్ ఆఫీసుతో మీటింగుంది కదా, ఒకే మనిషి మూడుసార్లు ఫోన్ చేస్తే ఆ కేసు అందులోకి తప్పనిసరిగా వస్తుంది, అక్కడ వాళ్ళే అడుగుతారు, కుదో అని ఒకావిడ ఉంది, జపాన్ మనిషే, ఆవిడకి మనం చెప్పక్కర్లేదు అన్నాడు.

"ఆవిడ చెవిన ఆ మాట పడితే చాలమ్మా. ఇంక అనువాదంతో పనేముంది?"

ఆ మాట ప్రవళికకి నచ్చింది. నిజమే. మధ్యలో ఇంగ్లీషు, యంత్రం, రవీందర్, ఎర్ర అంకె, వీళ్ళందరినీ దాటుకుని ఆ మాట ఒక జపాన్ మనిషి చెవిలో పడితే చాలు. అయినా ఆమెకి ఆయన్ని చొక్కా పట్టుకుని ఊపాలని ఉంది. అర్ధరాత్రి లేపినా చెప్తాడట. పట్టపగలు అడిగితే మాత్రం చెప్పడట.

ఇంటికొచ్చాక కూడా కోపం దిగలేదు. గిన్నె పెట్టిన చప్పుడుకి అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, ఏమైందని అడగకుండానే వెనక్కి తగ్గింది. మంచం మీద కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటున్న నాయనమ్మ బుచ్చమ్మకి మాత్రం అలాంటి భయాలేమీ లేవు.

"ఎవరి మీద గింత కోపం?"

"నాయినమ్మా, పుండు ఆరకుంట, బట్టకు అంటుకుంటుంటే ఏమంటం మనం?"

"పచ్చిపచ్చిగ ఉన్నదంటం. ఎవరికైంది?"

జపాన్‌లో ఒక ముసలామెకి అని చెప్పింది. వేడి పట్టీ సంగతి, ఉత్తరం సంగతి చెప్పింది. చెప్తుంటే గొంతు పెరిగింది. బుచ్చమ్మ నూనె చెయ్యి గాల్లో ఆపి అంతా విన్నది. రవీందర్ గురించి, కాంట్రాక్టు గురించి ఆమె ఏమీ పట్టించుకోలేదు.

"మరి తీసెయ్యుమని చెప్పినవా ఆమెకు?"

"నేనెట్ల చెప్త? నేను ఆమెతోని మాట్లాడొద్దు. విని రాసుడే నా పని."

"విన్నవు గద."

"నీకు తెల్వది, ఊకో నాయినమ్మా."

బుచ్చమ్మ నూనె సీసా మూత బిగించి పక్కకి తిరిగి పడుకుంది. ప్రవళిక అన్నం కలుపుకుంటూ, పెద్దదాన్ని కసురుకున్నందుకు తన మీద తనకి ఇంకొంచెం కోపం చేర్చుకుంది.

గురువారం పొద్దున క్యాబ్ హఫీజ్‌పేట దాటి కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కేలోపు ఆమె చెప్పవలసిన మాటలు జపనీస్‌లో నాలుగుసార్లు అనుకుంది. మర్యాదగా, పొట్టిగా, ఎవరినీ నిందించకుండా. పక్కన కూర్చున్న అమ్మాయి తను ఏదో మంత్రం చదువుకుంటోందనుకుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది.

ఫ్లోర్ బయట లాకర్లలో ఫోన్లు పెట్టేసి వెళ్ళాలి. కాగితం, పెన్ను కూడా లోపలికి రానివ్వరు, కొన్నవాళ్ళ వివరాలు బయటికి పోకూడదని. మీటింగు గదిలో తెర మీద కుదో వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. మెడకి ఉన్ని మఫ్లర్, ముందు టీ కప్పు. ఈ మీటింగుల్లో మాట్లాడేది లీడ్ ఒక్కడే, అదీ ఇంగ్లీషులో. అనువాదకులు పక్కన కూర్చుని, అతనికేదైనా తెలియకపోతే చాట్‌లో అందించాలి. తమ మైకు తాము తెరవకూడదు. ఇది ఎక్కడా రాసిలేదు. అందరికీ తెలుసు. చలపతిరావు గారు రాలేదు. కడుపులో బాగాలేదట.

కికుచి కేసు దగ్గరికి వచ్చేసరికి కుదో, మూడుసార్లు ఫోన్ ఎందుకొచ్చిందని అడిగింది. రవీందర్ గొంతు సవరించుకున్నాడు. కస్టమరు పెద్దావిడ అని, కొంచెం తేమగా ఉందని చెబుతోందని, మొదట అనువాదకురాలు అనుభవం చాలక కాస్త పెద్దది చేసి రాసిందని, ఆమెకి చెప్పవలసింది చెప్పామని, మళ్ళీ ట్రైనింగు ఇస్తున్నామని గడగడా చెప్పాడు. చెబుతూనే ఆమె వైపు తిరిగి, ఏం పర్లేదులే అన్నట్టు కన్ను గీటాడు.

ఆ కన్ను గీటడమే ఆమెని లేపింది. పుండు మీద కారం చల్లి, పైగా విసనకర్రతో విసిరినట్టుంది. నాలుగుసార్లు వల్లించుకున్న మర్యాద మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. చెయ్యి చాపి మైకు మీట నొక్కింది.

"కుదోగారూ, నేను ఆ అనువాదకురాలిని," అంది జపనీస్‌లో. "కికుచిగారు రెండోసారి హిరిహిరి అన్నారు. మూడోసారి జికుజికు అన్నారు. లోపలి బట్ట అంటుకుపోయిందన్నారు. నేను అలాగే రాశాను. ఇక్కడ మార్చారు. ఆవిడ ఆ పట్టీ ఇంకా కట్టుకునే ఉన్నారు."

రవీందర్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, అర్థం కాకపోవడమే అతన్ని బిగదీసింది.

తెర మీద కుదో "హిరిహిరి," అని తనలో తాను అన్నట్టు అంది. "జికుజికు." అంటుండగానే ఆవిడ కుడిచెయ్యి టీ కప్పు వదిలి, దానంతటదే వెళ్ళి, నడుముకి ఎడమవైపు, కొంచెం కిందగా ఆనింది. మొహం ఒక్క క్షణం ముడుచుకుంది. ప్రవళిక ఆ చేతినే చూస్తూ కూర్చుంది. చేరింది. ఆ మాట చేరవలసిన చోటికి, ఒంటికి, చేరింది.

కుదో చెయ్యి తీసేసింది. కప్పు మళ్ళీ పట్టుకుంది.

"అభిప్రాయానికి కృతజ్ఞతలు. మా వైపు దృష్టిలో పెట్టుకుంటాం," అంది జపనీస్‌లో, చక్కగా తల వంచి. ఆ వాక్యానికి అర్థం జపనీస్ నేర్చుకున్నవాళ్ళకి మొదటి ఏడాదిలోనే తెలుస్తుంది. ఏమీ చెయ్యబోమని అర్థం. తర్వాత రవీందర్ వైపు తిరిగి ఇంగ్లీషులో, ప్రస్తుతానికి కోడు అలాగే ఉంచుదామని, వచ్చే త్రైమాసికంలో చూద్దామని చెప్పి తర్వాతి కేసు తెరిచింది.

మీటింగు అయ్యాక రవీందర్ అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండేది. అతను నింపాదిగా వైర్లు చుట్టి పెట్టి, తలుపు మూసొచ్చి, ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం చెప్పినవో నాకు తెల్వది చెల్లె. కానీ ఆమె చెయ్యి ఏడ పెట్టిందో నేను కూడ చూసిన. ఆమెకు తెల్వదనుకున్నవా? ఆమెకు తెలుసు. చలపతిరావుకు తెలుసు. నువ్వు రాసిన తొల్తనే నాకు కూడ తెలుసు. హిరిహిరి అంటే ఏందో అందరికి తెలుసు. నువ్వు కొత్తగ ఎవరికి నేర్పిస్తవ్?"

ఇన్నాళ్ళూ ప్రవళిక ఏమనుకుంది? అర్థం చేరటం లేదనుకుంది. మాటకి మాట దొరక్క, మధ్యలో ఇంగ్లీషు అడ్డుపడి, యంత్రం తప్పు రాసి, అందుకే ఆ ముసలావిడ కాలుతోందనుకుంది. ఎంత పిచ్చిది. అర్థం మొదటిరోజే అందరికీ చేరింది. చేరి, ప్రతివాడి ఒంటి మీదా ఒక్క క్షణం చురుక్కుమని, ప్రతివాడూ చెయ్యి తీసేసుకున్నాడు.

"నా పేరు మీదకెళ్ళి ఎందుకు పంపినవ్ మరి?"

"ఎవరిదో ఒకరిది ఉండాలె గద," అన్నాడు రవీందర్, అదేం పెద్ద విషయం కానట్టు. "ఫికర్ జెయ్యకు. రేటింగ్ నేను చూసుకుంట."

ఆమె లేచి తన సీటుకి వెళ్ళింది. అందరూ చూస్తున్నారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కికుచిగారి రికార్డింగ్ చివరికి జరిపింది. చివర్లో ఆవిడ, ఏదైనా అవసరమైతే చేయమని తన నంబరు చెబుతుంది. ముసలివాళ్ళు చెప్పినట్టే చెబుతుంది. రెండు రెండు అంకెలుగా విడదీసి, అవతలివాళ్ళు రాసుకునేదాకా ఆగి, మళ్ళీ మొదటినుంచి. లోపలికి కాగితం రానివ్వకపోతేనేం. ప్రవళిక పెదవులు కదపకుండా ఆ అంకెలని ఆ గొంతుతోనే, ఆ విరుపులతోనే లోపల పెట్టుకుంది. విన్నవు గద అంది నాయనమ్మ. అవును, విన్నది.

షిఫ్టు అయ్యాక క్యాబ్‌ని కొత్తగూడలో ఆపమని దిగింది. ఫ్లైఓవర్ కింద బస్సుల రొద. ఒక సందులోకి తిరిగి, మూసి ఉన్న టైలరు షాపు మెట్ల మీద కూర్చుంది. ఫోన్‌లో విదేశీ కాల్స్ రీచార్జ్ చేసింది. భయం లేదు, పొద్దుటి నుంచి దిగని కోపమే. కస్టమరుకి సొంత ఫోన్ నుంచి కాల్ చేస్తే ఏమవుతుందో చేరిన రోజు సంతకం పెట్టించుకుని మరీ చెప్పారు. ఉద్యోగం ఆ పూటే పోతుంది. పోనీ.

అక్కడ సాయంత్రమై ఉంటుంది. చాలాసేపు మోగాక ఎత్తింది.

ప్రవళిక తను ఎవరో చెప్పడం మొదలుపెట్టింది. పట్టీ కంపెనీ తరఫున, ఇండియా నుంచి... అంతలోనే ఆవిడ, ఇలాంటి ఫోన్లు ఎత్తొద్దని, విదేశాల నుంచి ముసలివాళ్ళకి ఫోన్ చేసి మోసం చేస్తారని పోలీసులు మా ఊరొచ్చి మరీ చెప్పారు, క్షమించండి అని పెట్టేసింది. మోసగాళ్ళకి కూడా క్షమాపణ చెప్పి పెట్టేసింది.

ప్రవళికకి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. నిజాయితీగా ఒక్క మాట చెప్పబోతే దొంగైంది. ఉత్తరం రాసినవాళ్ళు మాత్రం పెద్దమనుషులు. మళ్ళీ నొక్కింది. మోగుతూనే ఉంది. ఆగింది. మళ్ళీ నొక్కింది. ఈసారి ఎత్తారు. అవతల మాట లేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఇప్పుడు కంపెనీ పేరు చెప్పలేదు, తన పేరు చెప్పలేదు.

"ఎడమవైపు," అంది. "నడుము కింద. మొదట పొకపొక. తర్వాత హిరిహిరి. ఇప్పుడు జికుజికు. బట్ట అంటుకుపోతోంది."

అవతల ఊపిరి ఆగింది.

"మీ ఓర్పు తక్కువ కాదండీ. మీకు కాలింది. ఆ ఉత్తరం తప్పు. పట్టీ తీసెయ్యండి. ఇప్పుడే తీసెయ్యండి, నేను లైన్లోనే ఉంటాను."

ఏదో అడగబోయి ఆగినట్టయింది. తర్వాత ఫోన్‌ని బల్ల మీద పెట్టిన చప్పుడు. బట్టలు సర్దుకుంటున్న అలికిడి. సందు మొదట్లో ఆటో హారన్ ఒకటి అదేపనిగా మోగుతుంటే ప్రవళిక రెండో చెవి మూసుకుంది. అప్పుడు, అంత దూరం నుంచి, పట్టీ ఊడిన చప్పుడు బర్రుమని వచ్చింది. దాని వెనకే, పళ్ళ మధ్య నుంచి గట్టిగా పీల్చుకున్న ఊపిరి.

ప్రవళిక మోకాళ్ళ మీద తల ఆనించి ఏడ్చింది. ఫోన్ దూరంగా పట్టుకుని, వినపడకుండా.

ఆవిడ తిరిగొచ్చి, గాలి తగిలితే మంట ఎక్కువగా ఉందని, రేపు పొద్దున్నే పక్కింటివాళ్ళ కారులో డాక్టరు దగ్గరికి వెళ్తానని చెప్పింది. అనుమానించినందుకు మళ్ళీ క్షమాపణ. ఇంత దూరం నుంచి సొంత మనిషిలా ఫోన్ చేశారు, రేపు ఆఫీసుకి ఫోన్ చేసి మీ గురించి తప్పకుండా చెప్తాను, ఇలాంటి మంచి అమ్మాయి మీ దగ్గరుందని వాళ్ళకి తెలియాలి అంది. మీ పేరేమిటమ్మా అని అడిగింది.

ఆ ఫోన్ కూడా రికార్డవుతుంది. సోమవారం చీకటితో ఆరో అంతస్తుకి వస్తుంది. ఎవరో ఒకరు హెడ్‌ఫోన్స్ చెవులకి అదుముకుని విని రాయాలి. చలపతిరావు గారు సరే అనాలి. పేరుని మాత్రం 'తేమ'గా మార్చడం యంత్రం వల్ల కాదు. చెప్పకుండా పెట్టేయొచ్చు, ఆవిడేమీ అనుకోదు. ప్రవళిక మెట్ల మీద నిటారుగా కూర్చుంది. చున్నీతో మొహం తుడుచుకుంది. ఎవరిదో ఒకరి పేరు ఉండాలన్నాడు కదా రవీందర్.

"పెన్ను, కాగితం దగ్గరున్నాయా అండీ?" అంది.

ఉన్నాయంది ఆవిడ.

"పు, రా," అంది ప్రవళిక, తన పేరుని వాళ్ళ అక్షరాల్లోకి విడదీసి. ఆవిడ రాసుకునేదాకా ఆగింది. "బా, రి." మళ్ళీ ఆగింది. "కా."

తర్వాత మొదటినుంచి మళ్ళీ చెప్పింది.